కాళ్ళకేసి చూసే మాస్టారు

కిరండూల్ రైల్లో వచ్చే టూరిస్టుల ముందు ఉకులేలే వాయించాలట మేం. అంటే నాలుగు తీగల బుల్లి గిటారు. అది నేర్పడానికి విశాఖ నుంచి మధుసూదన్ మాస్టారు వచ్చి, మా ఊరి ఆడవాళ్ళని బడి వరండాలో వరసగా కూర్చోబెట్టాడు. తీగల మీద వేళ్ళు కిందికి రెండుసార్లు, పైకి ఒకసారి. అంతవరకు బాగానే ఉంది. ఆ రోజు మాత్రం దాని మీద థింసా దరువు నేర్పుతానన్నాడు. మేం చిన్నప్పట్నుంచీ ఆడే థింసా మాకే నేర్పుతాడట. సరే, కానిమ్మన్నాం.

వాయిస్తుంటే కాళ్ళు ఊరుకుంటాయా? కూర్చున్నచోటే థింసా అడుగు మొదలుపెట్టాయి. అప్పుడు చూశాను. మాస్టారి చూపు మా వేళ్ళ మీద లేదు. కాళ్ళ మీద ఉంది. కాళ్ళకేమో వెండి కడియాలు. కిందటేడు సంతలో మెరుగు పెడతానని కడియాలు పట్టుకుపోయినవాడూ ఇలాగే చూశాడు, ఇంత మెత్తగానే మాట్లాడాడు.

"రత్నా, ఆ మాస్టారు కడియాలకేసే సూత్తన్నాడే. బేగి కాళ్ళు కప్పుకో" అన్నాను పక్కనున్న తోటికోడలితో.

రత్న కప్పుకుంది. ఆమెను చూసి వరసంతా చీరల కింద కాళ్ళు ముడుచుకుంది. కాసేపటికే మాస్టారి వేళ్ళు తడబడి ఆగిపోయాయి.

"కాళ్ళు బయట పెట్టండమ్మా" అన్నాడు తల దించుకుని. "థింసా నాకు రాదు. మీ అడుగులు చూసే వాయిస్తున్నాను."

అందరూ నవ్వారు. రత్న వెంటనే కాళ్ళు చాపింది. కడియాలు రెండూ ఊడదీసి, కొంగున గట్టిగా ముడేసుకున్నాక నేనూ చాపాను.