చల్లటి కాపడం

బాపయ్యకి ఎడమ దవడలో పోటు వచ్చిందంటే ఆ ఇంట్లో పిల్లి కూడా అడుగు చూసుకుని వెయ్యాల్సిందే. ఏడేళ్ళ కిందట కృష్ణా జిల్లాలో ఉన్నదమ్ముకుని, కాలవ నీళ్ళొచ్చాయని రాయచూరు జిల్లా కవితాళ దగ్గర, వలస రైతుల క్యాంపులో వరి పండించడానికి వచ్చినవాడు. తొలి నాట్లనాడే పోటు మొదలైంది. నిజంగానే మొదలైంది, అబద్ధమాడితే కళ్ళు పోతాయి. చెవి దగ్గర్నుంచి గడ్డందాకా మెరుపు కొట్టినట్టు లాగితే మనిషి నిలువునా వణికిపోయేవాడు. పంటి నొప్పేమోనని లక్షణమైన పళ్ళు మూడు పీకించుకున్నాడు. పళ్ళయితే పోయాయి.

పెళ్ళాం తులసమ్మ మొదట్లో కుళ్ళికుళ్ళి ఏడ్చింది. కానీ ఎంత నిజమైన నొప్పయినా నాలుగేళ్ళు ఇంట్లో తిష్ఠ వేస్తే పెత్తనం మరుగుతుంది. గాలి తగిలితే పోటు, గిన్నె చప్పుడైతే పోటు, పొలం మాటెత్తితే మరీ పోటు. కాలవ నీటి వంతు చూసుకునేది తులసమ్మ, కూలీలను పిలిచేది తులసమ్మ. ఆయనగారు కుడి చెంప గీసుకుని, ఎడమ చెంప ముట్టుకోలేక సగం గడ్డంతో మంచమ్మీద మూలుగుతుండేవాడు. పూటకో కాపడం. రాళ్ళుప్పు పెనం మీద వేయించి, గుడ్డలో మూటకట్టి దవడకి అద్దాలి. కాస్త వేడెక్కువైతే "కాల్చి చంపుతావటే!" అనేవాడు. తగ్గితే "శవానికి పెడుతున్నావా?" అనేవాడు. ఏడేళ్ళలో ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు.

అలాంటిది, ఇప్పుడు కూతురు కుసుమకి ఏడో నెల. కవితాళకి అవతల పన్నెండు మైళ్ళలో ఇచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అత్త లేని ఇల్లు, అక్కడ పురుడు చూసే ఆడదిక్కే లేదు. ఎనిమిదో నెలొస్తే పిల్లని కదిలించకూడదు. తొమ్మిదిలో ఆ గతుకుల బాటన బండెక్కిస్తే దారిలోనే కంటుంది.

"పసిగుడ్డు ఏడుపు నా దవడ తట్టుకోలేదు. అక్కడే కననీ" అన్నాడు బాపయ్య.

తులసమ్మకి గుండె భగ్గుమంది. మర్నాడే ఆయన్ని లాక్కుని రాయచూరు వెళ్ళింది. వెంకోబరావు అనే డాక్టరు దవడంతా చూసి, ఇది పంటి రోగం కాదు, నరం రోగం అన్నాడు. బుగ్గలోకి పొడుగాటి సూది దింపి, స్పిరిట్టు లాంటి మందు ఆ నరానికే ఎక్కించాడు. బాపయ్య అరుపుకి వరండాలో రోగులు సగంమంది లేచి వెళ్ళిపోయారు.

"నరం మొద్దుబారుతుందమ్మా. ఏడాదిపాటు పోటుండదు, తర్వాత మళ్ళీ రావచ్చు" అని చెప్పి, తులసమ్మని పక్కకి పిలిచాడు డాక్టరు. "ఆ చెంపకి వేడీ తెలియదు, చల్లనా తెలియదు. కాపడాలు మానెయ్. కాలినా చెప్పలేడు."

మూడు రోజులు బాపయ్య పెళ్ళికొడుకే. ఉన్న పళ్ళతో ఎడమవైపే చేగోడీలు కరకరా నమిలాడు. నాలుగో రోజు పొద్దున్నే తులసమ్మ నోరు జారింది.

"బాగయ్యారుగా! రేపట్నుంచి నీటి వంతు మీరు చూసుకోండి. నేనెళ్ళి పిల్లని తెచ్చుకుంటాను. ఎనిమిదో నెల రావడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది."

"అమ్మో! వచ్చిందే! దవడ!" అని బాపయ్య మంచానికి అడ్డం పడ్డాడు. "కాపడం తే! చస్తున్నా!"

సూది పని చెయ్యలేదా? పిల్ల గతేమిటి? తులసమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. డాక్టరు మాట గుర్తొచ్చింది. వేడి పెడితే కాలుతుంది, పెట్టకపోతే ఈయన ఊరుకోడు. సరే, ఏదో ఒకటి పెట్టామనిపిద్దామని కుండలో ఉప్పు అలాగే మూటకట్టి తెచ్చి చెంపకి అద్దింది.

"కాల్చి చంపుతావటే!" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు బాపయ్య. "నిప్పులే! చర్మం ఊడొచ్చింది!"

తులసమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. గుమ్మంలో హుచ్చమ్మ నిలబడి ఉంది. ఇడపనూరు వైపు నుంచి నాట్లకొచ్చిన కూలీల పెద్ద, నోరు కత్తి. నారు కట్టల సంగతి అడగడానికి వచ్చి అంతా చూసింది.

"ఏందయ్యా! పొయ్యిల నిప్పే లేదు గదా!" అంది. "సల్లటి ఉప్పుకే గిట్ల కాలితే, ఎండల వంగి నాటేసే మా నడుములేం గావాలె?"

నవ్వాలో ఏడవాలో తులసమ్మకి తెలియలేదు. ఒళ్ళు మాత్రం మండిపోయింది. మూట తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"చెయ్యి మొద్దుబారలేదుగా. పట్టుకు చూడండి."

బాపయ్య పట్టుకు చూశాడు. మూలుగు ఠక్కున ఆగింది.

"బండి కట్టి పిల్లని మీరే తీసుకురండి" అంది తులసమ్మ. "ముందా సగం గడ్డం గీసుకోండి. వియ్యంకుడు నవ్విపోతాడు."

కుసుమ వచ్చింది, ఆడపిల్లని కంది. దాని ఏడుపు కాలవ తూముదాకా వినిపించేది. బాపయ్య సణుక్కుంటూ పొలం వెళ్ళేవాడు.

ఏడాది తిరిగింది. కుసుమ బిడ్డతో చుట్టపుచూపుగా వచ్చిన రోజున, బాపయ్య గట్టుమీద దవడ పట్టుకుని కూలబడ్డాడు.

"మల్ల షురూ జేసిండు నాటకం" అంది హుచ్చమ్మ. కూలీలంతా పడీపడీ నవ్వారు. ఎవరూ లేపలేదు. తనంతట తనే దేక్కుంటూ ఇంటికొచ్చి చేరాడు. లోపల మనవరాలు ఆరున్నొక్క రాగం తీస్తోంది. ఆయన వాలకం చూసి, దాన్ని ఊరుకోబెట్టాలని ఎవరికీ తోచలేదు.

"ఈసారి నిజమేనే" అన్నాడు, ఆగి ఆగి.

తులసమ్మ కుండలో ఉప్పు మూటకట్టి తెచ్చి చెంపకి ఆనించింది. బాపయ్య ఉలిక్కిపడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చల్లగా ఉందే" అన్నాడు.

తులసమ్మ ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. లేచి, పొయ్యి అంటించి, పెనం పెట్టింది.

"రేపు రాయచూరు వెళ్దాం" అంది లోపల్నుంచి. "ఈలోగా పిల్లని కుడివైపు ఎత్తుకోండి, ఏడుస్తోంది."