దుప్పటి కింద కాలు

మిషనక్కను ఆపరేషను గదిలోంచి బయటికి తెచ్చి రెండు గంటలు దాటింది. కుడి మోకాలి ఆపరేషను కోసం నడుములో మత్తు సూది వేసి, మందు ఆ ఒక్క వైపే దిగాలని పావుగంట కుడి పక్కకే పడుకోబెట్టారు. వేసింది పాత మందో కొత్త మందో ఆమెకూ తెలియదు, నర్సుకూ తెలియదు. ఏ మందు వేస్తే కాలు తొందరగా తిరిగి వశంలోకి వస్తుందో చూస్తున్నామని మత్తు డాక్టరు పొద్దున్నే చెప్పి సంతకం పెట్టించుకున్నాడు.

ఎడమకాలు చెప్పిన మాట వింటోంది. దాంతో కుడికాలిని తాకి చూసింది. పక్కలో ఎవరో పరాయి మనిషి పడుకున్నట్టుంది. కుట్టుమిషను తొక్కి బతికే మనిషికి గుండె జారిపోదూ?

ఆమె తర్వాత కాలి ఆపరేషను అయి వచ్చిన ఎదుటి మంచం బస్సు కండక్టరు అప్పుడే పాదం ఆడిస్తున్నాడు.

"ఏంటక్కా, మీ బండింకా స్టాండులోనే ఉందా?" అన్నాడు.

నర్సు పావుగంటకోసారి తడి దూది తాకించి, చల్లగా తెలుస్తోందా అని అడిగి రాసుకుంటోంది. మిషనక్క ఇంట్లో ఉప్పు అయిపోయినా నిండుకుందనే మనిషి. 'లేదు' అని నోటితో అంటే నిజంగానే లేకుండా పోతుందని భయం. ఈసారి అడగ్గానే తెలుస్తోంది అనేసింది. వేళ్లు కదపమంటే దుప్పటి కింద ఎడమ వేళ్లు కదిపింది. దుప్పటి కదలడం చూసి నర్సు రాసుకుని, ఇక లేచి నిలబడొచ్చంది.

ఆడపడుచు చెప్పులు తెచ్చి నేల మీద పెట్టింది. నర్సు భుజం పట్టి మెల్లగా దిగమంది. ఎడమకాలు దిగింది. కుడికాలు మంచం మీదే ఉండిపోయింది.

"రాలేదమ్మా," అంది మిషనక్క. "వచ్చిందని నేనే అన్నాను."

"మా వదినంతే. బట్ట చాలకపోయినా సరిపోతుందనే చెబుతుంది," అంది ఆడపడుచు.

నర్సు నవ్వలేదు. రాసింది కొట్టేసింది. నిలబడి ఉంటే ఆ మోకాలి మీదే పడేవారనీ, ఈ అబద్ధాన్ని నమ్మి రేపు అదే మందు వేసిన ఇంకొకరిని తొందరపడి నిలబెట్టేవాళ్లమనీ చెప్పింది.

దూది మళ్లీ వచ్చింది. "లేదు," అంది మిషనక్క. ఇంకో పావుగంటకూ అదే మాట. కండక్టరు పాదం ఆడించడం మానేశాడు.

మూడోసారి దూది రాకముందే మోకాలి లోపల సన్నగా సలుపు మొదలైంది.

"నొప్పొస్తోందమ్మా."

"నిజంగానా?" అంది నర్సు.

మిషనక్క దుప్పటి తానే లాగేసింది. నలుగురూ కుడి బొటనవేలి వైపే చూశారు. అది కాసేపు తటపటాయించి, వంగింది.