రేవు తొక్కని పిల్ల

మా దిపాతన్ ఊరికి రేవు పెద్దను నేను. ఏటా వేసవికి ముందు పందిని కోసి, దాని కార్జంలో శకునం చూసి, రక్తం అలకి అంటించి రేవు తెరిచేది నేనే. తెరిచాక అరయు చేపల కాలం ముగిసేదాకా, అంటే మూడు నెలలపాటు, పడవెక్కే మా పదిమంది తప్ప ఇంకెవరూ రేవు గులకరాళ్ల మీద కాలు పెట్టకూడదు. నా పెళ్లామైనా సరే, చర్చి ఫాదరైనా సరే. పెడితే చేప మొహం చాటేస్తుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం పోయింది.

నా కూతురు రోవెనాకి పరుగు పిచ్చి. మా ఊరి నుంచి కొండ అంచున పక్క ఊరు సవాంగ్ దాకా వెళ్లి, ఒడ్డు వెంట రేవు మీదుగా తిరిగి మా ఊరికే వచ్చే చుట్టుదారి ఒకటుంది, పద్దెనిమిది కిలోమీటర్లు. చేపలు కోసి ఎండబెట్టి, వాళ్లమ్మకి చిలగడదుంపలు తవ్విపెట్టి, రోజూ సాయంత్రం ఆ దారి పట్టేది. రేవు తెరిచి ఉన్నప్పుడు మాత్రం కొండ మీంచి తిరిగొచ్చేది.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?" అనేవాణ్ణి.

"నీ నోరే నాన్నా" అనేది.

ఈ ఏడు మనీలా వాళ్లు ఆ దారి మీదే పందెం పెట్టారు. ఆడపిల్లల్లో మొదట వచ్చినవాళ్లకి అక్కడి కాలేజీలో సీటు, హాస్టలు. రోవెనాకి వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. తీరా చూస్తే పందెం సరిగ్గా చేపల కాలంలో పడింది. నేను వెళ్లి పందెం అధికారితో పెద్ద రభస చేశాను. "సరే పెద్దాయనా, రేవు దగ్గర దారిని కొండ మీదికి తిప్పేస్తాం, ఇక శాంతించు" అన్నాడు.

ఆ రోజు పొద్దున్నే వాన. దారి మధ్యలో నిలబడి, పరుగువాళ్లు ఛాతీకి కట్టుకున్న నంబరు గుడ్డ మీద గుర్తు వేయాల్సిన మనిషి జారుడు కొండ ఎక్కలేకపోయాడు. బల్ల తెచ్చి మా పడవల మధ్యే వేసుకున్నాడు. దారి చూపే రిబ్బన్లూ అటే కట్టాడు. నేను వెళ్లి చూసేసరికి పరుగువాళ్లు దిగిపోతున్నారు.

"ఆగండ్రా! తెరిచిన రేవురా అది!" అని గొంతు చించుకున్నాను.

"హలో తాతా!" అని చెయ్యూపి పోయారు. ముప్పై మంది! ఒకడైతే మా పాతెర్నో పడవ మీద కాలు పెట్టి మరీ బూటు ముడి వేసుకున్నాడు. నా రక్తం ఉడికిపోయింది.

అంతలో రోవెనా మలుపు దగ్గరికి వచ్చింది. కిందికి వెళ్లే రిబ్బన్లు చూసింది. ఒక్క క్షణం ఆగింది. కొండెక్కేసింది. రెండు కిలోమీటర్లు ఎక్కువ, అదీ ఆ బురదలో. అబద్ధమెందుకు, గర్వంతో నా ఛాతీ ఉప్పొంగింది.

అయినా ఆడపిల్లల్లో అదే మొదట వచ్చింది. చర్చి ముందు గీత దాటి అక్కడే కూలబడింది, మోకాళ్లు రెండూ దోక్కుపోయి ఉన్నాయి. వాళ్లమ్మ అన్సెల్మా ఏడుస్తూ వాటేసుకుంది. అధికారి వచ్చి నంబరు గుడ్డ చూశాడు.

"రేవు దగ్గర వేసే గుర్తేదమ్మా?"

"కొండ మీంచి వచ్చాను సార్. మీరు ఒప్పుకున్న దారే. ఇంకా ఎక్కువే పరిగెత్తాను."

"అది నోటిమాటే, కాగితం మీద దారి మారలేదమ్మా. గుర్తు లేకపోతే నేనేం చెయ్యను?"

బల్ల మనిషికి పాపం జాలేసినట్టుంది. "వానలో అందరూ ఒక్కసారే మీద పడ్డారు సార్. ఈ అమ్మాయికి వెయ్యడం నేనే మర్చిపోయానేమో. ఈయన అక్కడే ఉన్నాడు. చూశానన్నాడంటే ఇప్పుడే వేసేస్తా" అని నా వైపు తిరిగి కళ్లతోనే బతిమాలాడు.

"ఏం పెద్దాయనా? మీ అమ్మాయి రేవులోంచే వచ్చిందా?" అన్నాడు అధికారి, రోవెనా చెప్పింది విననట్టే.

'ఊఁ' అంటే చాలు. కానీ నా వెనక మా పడవలవాళ్లు తొమ్మిదిమందీ నిలబడి ఉన్నారు.

"నా కూతురు తెరిచిన రేవు తొక్కదు" అన్నాను. ఊరంతా వినేలా అన్నాను.

సీటు రెండో వచ్చిన సవాంగ్ పిల్లకి వెళ్లింది.

మర్నాడు మళ్లీ పందిని కోశాం. కార్జం నిండా మచ్చలే. "అన్నా, ఈ ఏటికి రేవు చచ్చిపోయింది" అని పాతెర్నో తన పడవని సవాంగ్‌కి తోలుకుపోయాడు. వారం తిరిగేసరికి మిగతా ఎనిమిదిమందీ వెళ్లిపోయారు. రేవు పెద్ద మాత్రం కాలం ముగిసేదాకా రేవు వదలకూడదు. వట్టి రాళ్లకి కాపలా కాస్తూ కూర్చున్నాను.

రోవెనా ఇప్పుడు పరిగెత్తడం లేదు. సవాంగ్ నుంచి వచ్చే చేపలు కోసి ఎండబెడుతుంది. నా మీద అరిచినా బాగుండేది. అరవదు. వేళకి అన్నం పెడుతుంది. ఆ మర్యాదే నన్ను చంపుతోంది.

మొన్న చేపలు కోస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"నాన్నా, నువ్వా మాట అనేసరికే ముప్పై మంది రేవు తొక్కేశారు కదా. ఇంక దేన్ని కాపాడదామని అన్నావు?"

"మనవాళ్లంతా చూస్తున్నారు కదే" అన్నాను.

"నేనూ చూస్తున్నాను నాన్నా" అంది.