అక్షింతల పురుగు ఎరుపు

పురుగుల ఫొటోలంటే నల్లగొండలో విజేందరే. ఈ మాట ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. కొన్నేళ్లు హాయిగా అనుకున్నాను. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, పెళ్లి ఫొటోల సీజన్‌లో వచ్చినదంతా పోసి, చీమంత దాన్నీ పెద్దగా చూపే మాక్రో లెన్సు కొన్నాను. తూనీగ కన్ను ఒక్కటే ఫొటో తీసి నా స్టూడియో గోడకు పెడితే, పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్లు నోరు తెరిచి నిలబడేవాళ్లు.

గ్లోరీ 2017లో వచ్చింది. మర్రిగూడ మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారిగా కొత్తగా చేరింది. పత్తి చేన్లలో పురుగులను ఫోనుతో తీసి శాస్త్రవేత్తలకు పంపడం ఆమె పనుల్లో ఒకటి. ఆ ఫొటోల్లో ఏది పురుగో, ఏది మేక పెంటికో తెలిసేది కాదు.

"అన్నా, మసక మసకగ వస్తున్నయ్. జర చెప్పరాదే," అంది.

చెప్పాను. గురువునయ్యే సంబరం అలాంటిది. ఊపిరి బిగబట్టడం, పురుగు కన్ను మీదే గురి నిలపడం, ఎర్రటి రంగు మరీ వెలిగిపోయి ముద్దగా మారకుండా వెలుతురు చూసుకోవడం, అన్నీ చెప్పాను. నా పాత కెమెరా కూడా ఆమెకే అమ్మాను. మొదటి ఏడు ఆమె ఫొటోలు చూసి నవ్వేవాణ్ణి. రెండో ఏడు నవ్వు రాలేదు. నాలుగో ఏటికి ఆమె పంపిన ఫొటోను పెద్దది చేసి, తప్పు ఎక్కడుందా అని మూలమూలా వెతికేవాణ్ణి. దొరికేది కాదు. ఏకై వచ్చి మేకై కూర్చుంది. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను, దాచడమెందుకు?

ఆమె తెల్లవారకముందే చేనుకు పోతుంది. మంచుకు తడిసి పురుగు కదలకుండా ఉండే వేళ అది. నాకేమో పెళ్లిళ్లు ముగించుకొని పడుకుంటే పది దాటందే మెలకువ రాదు. ఆ ఎండలో ఏ పురుగు నిలుస్తుంది? అందుకే పట్టి తెచ్చి, డబ్బీలో వేసి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. చల్లబడి మొద్దుబారాక పువ్వు మీద కూర్చోబెట్టి తీసేవాణ్ణి.

"పెరుగు పక్కన పురుగులేంది? ఎవలన్న సూస్తే మనింట్ల చాయ్ తాగుతరా?" అని నా భార్య దీప్తి రోజూ తిట్టేది.

మొన్నటి వానాకాలం మర్రిగూడ రైతువేదిక హాల్లో, పంటను కాపాడే మిత్రపురుగుల ఫొటోల పోటీ పెట్టారు. రైతులే తీర్పరులు. నచ్చిన ఫొటో కింది గిన్నెలో ఒక కందిగింజ వేయాలి. ఎక్కువ గింజలు పడ్డ ఫొటోను పెద్దగా ప్రింటు తీసి వేదిక గోడకు ఎప్పటికీ ఉంచుతారు. ఆ గోడ నాకు కావాలి. ఆమెకు దక్కకూడదు. నిజం చెప్పాలంటే రెండో కోరికే పెద్దది.

ఇద్దరమూ ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు ఫొటోనే తెచ్చాం. నాది గులాబీ మీద నిగనిగలాడుతోంది. ఆమెది పత్తి ఆకు అడుగున, రసం పీల్చే పేనుబంకను నములుతోంది. పత్తి రైతు సాలమ్మ నా ఫొటో ముందు గింజ పట్టుకొని చాలాసేపు నిలబడింది.

"బిడ్డా, గిది సచ్చిందా?"

"లేదవ్వా, బతికే ఉన్నది."

"మరి కాళ్లు ముడుసుకున్నదేంది? గీ పురుగు బెదిరితే కాళ్లు ముడుసుకొని కిందికి రాలుతది. గిది ముడుసుకొని పువ్వు మీద ఎట్ల కూసున్నది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గ్లోరీ గబగబా వచ్చింది.

"దగ్గరికెల్లి తీస్తే గట్లనే అగుపడ్తది అవ్వా. నాకు ఫొటోలు నేర్పింది గీ అన్ననే."

అంతకంటే ఆమె నవ్వినా బాగుండేది. హాయిగా తిట్టుకునేవాణ్ణి. సాలమ్మ పోయి గ్లోరీ గిన్నెలో గింజ వేసింది. సాయంత్రానికి ఆ గిన్నె నిండింది. నా గిన్నెలో పదకొండు పడ్డాయి. అందులో ఒకటి నేను వేసుకున్నదే.

వారం తర్వాత గ్లోరీ పెన్‌డ్రైవ్ పట్టుకొని స్టూడియోకు వచ్చింది. "ప్రింటు నువ్వే తియ్యాలె అన్నా. నీ లెక్క రంగులు ఎవలకు కుదరయ్," అంది.

ఫొటో తెరిచాను. ఆరు కాళ్లూ ఆకును పట్టుకున్న తీరు, కాళ్ల మీది నూగు, అన్నీ కనిపిస్తున్నాయి. తొమ్మిదేళ్లలో నేను ఇలాంటిది ఒక్కటి తీయలేదు. చెయ్యి దానంతటదే పోయి ఎరుపు తగ్గించింది. కొంచెమే. ముసలి పురుగు కాబోలు అనుకుంటారు, అంతే. ప్రింటు తీసి ఇచ్చాను.

ఆమె గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి చూసింది.

"ఎరుపు జర తగ్గింది గద అన్నా."

"సిరా తేడా."

ఆమె ప్రింటు కిందికి దించింది. పురుగుమందు రెండుసార్లు కొట్టి, అసలు కొట్టనే లేదనే రైతును చూసినట్టు నన్ను చూసింది. అంతే, నా నోరు ఆగలేదు.

"సిరా కాదు. నేనే తగ్గించిన. నీ ఫొటో సూస్తే నాకు కడుపు మండుతాంది గ్లోరీ."

"ఎరుకే అన్నా," అంది, స్టూలు లాక్కొని కూర్చుంటూ. "శాన ఏండ్ల సంది ఎరుకే. ఎరుపు మళ్ల పెట్టు."

పెట్టాను. రెండో ప్రింటు తీశాను. అంత మంచి ప్రింటు నా ఫొటోలకైనా నేను ఎన్నడూ తీసుకోలేదు. మంట మాత్రం తగ్గలేదు.