పార్సర్ పలకని చోటు

ఆమె రోజూ పొద్దున్నే ఆఫీసుకు వచ్చి, సంచీ కుర్చీకి తగిలించి, కావాలని ఒక తప్పు చేస్తుంది. మరీ పెద్ద తప్పేమీ కాదు. డేటాబేస్‌ని ఏదో ఒకటి అడుగుతున్నట్టు టైపు చేసి, తెరిచిన బ్రాకెట్‌ని మూయకుండా వదిలేస్తుంది. మరుక్షణం తెర మీద భర్త మాట కనబడుతుంది. "తలుపు తీసినవాళ్ళే వేయాలి తల్లీ. బ్రాకెట్ మూయి." ఆయన పోయి ఏడాది దాటింది. మాట మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఇందులో దెయ్యాల పనేమీ లేదు, కంగారు పడకండి. వాళ్ళ కంపెనీ డేటాబేస్ తయారు చేస్తుంది. ఎవరు ఏది అడిగినా ముందుగా దాన్ని చదివి, అర్థం చేసుకుని, పని చేసే భాగాలకు చేరవేసేదాన్ని పార్సర్ అంటారు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా రాసింది ఆయనే. అడిగిన తీరు సరిగా లేకపోతే ఎక్కడ తప్పిందో చెప్పాల్సింది కూడా పార్సరే. బయటివాళ్ళకు ఇచ్చే కాపీలో ఆ మాటలు మర్యాదగా, చప్పగా ఉంటాయి. ఆఫీసులో వాడుకునే కాపీలో మాత్రం ఆయన తన నోటికొచ్చినట్టు రాసిపెట్టుకున్నాడు. ఆమె వీపు వెనకాల కుర్చీలో కూర్చుని రాసి, ఒక్కోటీ పైకి చదివి తానే నవ్వుకునేవాడు. ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది. కిటికీలోంచి గాలి కొడితే కిర్రుమంటుంది. అది గాలేనని తెలిసీ ఆమె ప్రతిసారీ వెనక్కి తిరుగుతుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అత్తగారు అడిగే మొదటి మాట, "ఇవాళ ఏమన్నాడే వాడు?" అని.

"'ఇక్కడిదాకా బుద్ధిగానే వచ్చావు, ఆ తర్వాత నీకేమైంది?' అన్నారత్తయ్యా."

"అచ్చం వాడే!" అని ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే కోడలు రోజుకో కొత్త తప్పు వెతుక్కుంటోంది. కోడ్ తెరిస్తే ఆ మాటలన్నీ ఒక్క గంటలో చదివేయొచ్చు. కానీ తెరవలేదు. చదివేస్తే అయిపోతాయి. అయిపోతే మనిషి రెండోసారి పోయినట్టే. నిజానికి కొత్తవి దొరకడం ఈమధ్య కష్టంగానే ఉంది.

అట్లాంటి సమయంలో అంబులెన్సుల ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చిపడింది. అక్కడ ఫోన్లు తీసేవాళ్ళు ఇద్దరు, ఒకే క్షణంలో, ఒకే బండిని రెండు ఇళ్ళకు కేటాయించేశారు. ఇద్దరు డ్రైవర్లు పరుగెత్తుకొచ్చి ఒకే బండి దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో ఇంట్లో తుంటి విరిగిన పెద్దాయన నేల మీద పడి, వస్తోంది వస్తోంది అన్న మాట వింటూ ఉండిపోయాడు. ఆయన బతికాడు. ఇంకొకరు బతుకుతారని ఎవరు చెప్పగలరు?

ఆమె పై అధికారిని అందరూ నిదానం సారు అంటారు. ఆయన నోట ఎప్పుడూ ఆ మాటే, మనిషిలో మాత్రం అది మచ్చుకైనా లేదు. పొద్దున్నే వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు.

"నిదానంగా వినమ్మా. సాయంత్రంలోగా తప్పు దొరికితే సరే. దొరక్కపోతే ఈ పార్సర్ తీసేసి బయట కొన్నది పెట్టేస్తాం. అంబులెన్సువాళ్ళు పాపం గదిలో ఒకళ్ళకొకళ్ళు కేకలేసుకుని బండ్లు పంపుతున్నారు. మీ ఆయనంటే నాకూ గౌరవమే. నీకు తెలుసు."

తెలుసు. రేపటి నుంచి బ్రాకెట్ మూయకపోతే ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళ మాట వస్తుంది. ఇంట్లో అత్తగారు అడుగుతుంది, తను నీళ్ళు నములుతుంది.

మొదట అందరి వేలూ తాళాలాయన వైపే చూపించింది. పట్టికల్లో ఒక్కో బండికీ, ఒక్కో డ్రైవర్‌కీ ఒక్కో వరుస ఉంటుంది. ఒకరు ఒక వరుసను పట్టుకోగానే ఇంకొకరు దాన్ని ముట్టుకోకుండా తాళం వేసే భాగం అతనిది. తప్పు అతనిదే కావాలని ఆమె మనసులో గట్టిగా కోరుకుంది, దాచడమెందుకు. అతను పాపం విసుక్కోకుండా తన తెర ఆమె వైపు తిప్పాడు.

"చూడండి. వెయ్యమన్న ప్రతి తాళం వేశాను. డ్రైవర్ వరుసకు వెయ్యమన్నారు, వేశాను. బండికి వెయ్యమని నాకెవరూ చెప్పలేదండీ. చెప్తే కదా వేసేది."

అంబులెన్సువాళ్ళు బండికీ డ్రైవర్‌కీ రెండింటికీ తాళం అడిగారు. అడిగినచోటికీ తాళం వేసేచోటికీ మధ్య ఉన్నది పార్సర్ ఒక్కటే.

ఆమె వచ్చి కూర్చుంది. ఏడాదిగా తనకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, తప్పు చేయడం. అదే చేసింది. ఒకే బండి గురించి ఒకే వాక్యంలో రెండు మాటలు టైపు చేసింది. ఈ బండి ఎవరి చేతిలోనైనా ఉంటే వదిలేదాకా ఆగు. ఈ బండి ఎవరి చేతిలోనైనా ఉంటే ఆగొద్దు. ఇంత అడ్డగోలుగా అడిగితే ఆయన ఊరుకోడు. తిట్టు కోసం, అదీ ఇంతకుముందు వినని కొత్త తిట్టు కోసం, ఆమె తెర వైపు కాస్త వంగింది.

తెర మీద ఏమీ రాలేదు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పార్సర్ మొదటి మాట మింగేసి, రెండోది మాత్రం లోపలికి పంపి, పని అయిపోయిందంది.

వెనకాల కుర్చీ కిర్రుమంది. ఆమె తిరగలేదు. తిరిగితే ఆయన నిజంగానే కూర్చుని, గోడకేసి చూస్తూ ఉంటాడనిపించింది. తప్పు తనదని తెలిసినప్పుడు ఇంట్లోనూ ఆయన అంతే. అరిచి గీపెట్టినా నోరు మెదిపేవాడు కాదు.

ఇక కోడ్ తెరవక తప్పలేదు. ఆయన మాటలు కంటపడకుండా తల పక్కకు తిప్పుకుంటూ, కావలసిన చోటికి వెళ్ళింది. తాళం మాట దాచుకోవడానికి ఆయన ఒక్కటంటే ఒక్క గడే పెట్టాడు. రెండో మాట వస్తే మొదటిదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. బండి మాటను డ్రైవర్ మాట అట్లాగే చెరిపేసింది. పక్కనే తనకోసం ఒక ముక్క రాసుకున్నాడు: చివర చెప్పిందే లెక్క.

అది వాళ్ళింటి కట్టుబాటు. ఎక్కడికి వెళ్దాం, ఎవరు వండాలి అని వాదన వస్తే, చివర ఎవరేమన్నారో అదే ఖాయం. అత్తగారు పెట్టిన పద్ధతి, పోట్లాటలు తెగడానికి. ఇంట్లో అది బాగానే నడిచింది. దాన్ని ఆయన తెచ్చి పార్సర్‌లో పెట్టాడు.

ఆయన పోయిన రోజు పొద్దున గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "సాయంత్రం నాకోసం ఆగు, కలిసి వద్దాం. ఒంట్లో ఎందుకో నలతగా ఉంది" అన్నాడు. సాయంత్రం ఏదో చిక్కుముడిలో తల దూర్చి, వెనక్కి తిరక్కుండానే, "నువ్వెళ్ళిపో, ఆగొద్దు" అన్నాడు. చివర చెప్పిందే లెక్క. ఆమె సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన ఆ కుర్చీలోనే పోయాడు. "పక్కన ఎవరైనా ఉండుంటే" అని డాక్టరు మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. డాక్టరు ఆపేసిన మాటను ఆమె ఏడాదిగా పూర్తి చేసుకుంటూనే ఉంది.

కన్నీళ్ళు తుడుచుకుని పనిలో పడింది. ఒక్క గడి తీసేసి జాబితా పెట్టింది. ఎన్ని మాటలు చెబితే అన్నీ నిలుస్తాయి, ఏదీ దేన్నీ చెరపదు. తాళాలాయన తన తెర చూసి, "ఆఁ, ఇప్పుడు బండికి కూడా అడుగుతోందండీ!" అని కేకేశాడు. రెండో ఫోను తీసినవాళ్ళలా ఇంకో తెర మీంచి అదే బండిని అడిగి చూశారు. ఈసారి దొరకలేదు.

మిగిలింది ఒకటే. ఒకే వరుస గురించి ఆగమనీ ఆగొద్దనీ రెండూ చెబితే పార్సర్ నిలబడి అడగాలి. ఏమని అడగాలో అక్కడ ఖాళీ. ఆయనలాగా ఏదో వెటకారం రాసి చెరిపేసింది. ఇంకోటి రాసి చెరిపేసింది. అవి ఆయన గొంతును వెక్కిరిస్తున్నట్టున్నాయి. చివరికి తనకు తోచిందే రాసింది.

నిదానం సారు వచ్చి అంతా చూసి, "అమ్మయ్య, పార్సర్ ఉంటుంది" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తప్పు ఎవరిదని రాయను?" అని అడిగాడు.

"ఆయనదే" అంది ఆమె, తాళాలాయనకు కూడా వినబడేట్టు. "తాళాలవైపు ఏ తప్పూ లేదని కూడా రాయండి."

"సరే. పద, దారిలో దింపేస్తాను."

"మీరు వెళ్ళండి సార్. నేను కాసేపు ఆగుతాను."

అందరూ వెళ్ళాక ఆ రెండు మాటలూ మళ్ళీ టైపు చేసింది. ఈసారి పార్సర్ పలికింది. కిటికీ అవతల వెలుతురు తగ్గేదాకా, ఆ ఖాళీ కుర్చీకి వీపు ఆనించి కూర్చుంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు ఆరిన బట్టలు మడత పెడుతోంది. "ఆలస్యమైందే. ఇవాళ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదత్తయ్యా. నేనే అన్నాను."

"నువ్వా? ఏమన్నావు?"

"'మీరు రెండు మాటలన్నారు. రెండూ వినబడ్డాయి. ఆగమంటారా, వద్దంటారా?' అని."

ముసలావిడ చేతిలో దుప్పటి సగం మడతలో ఉండిపోయింది.

"జవాబు చెప్పాడా?"

"లేదు."

"చెప్పడు. తప్పు తనదైతే వాడికి నోరు పెగలదు. చిన్నప్పట్నుంచీ అంతే." దుప్పటి పక్కన పెట్టింది. "పొద్దున గుమ్మంలో ఆగమనడం నేనూ విన్నానే. అయినా సాయంత్రం నువ్వొక్కదానివే వచ్చావంటే, వెళ్ళమన్నది కూడా వాడే అయ్యుంటాడు. నాకు తెలీదూ? రా, ఇట్లా కూర్చో."

ఆమె వెళ్ళి కూర్చుంది.