ఎండబండ మీద నూట పంతొమ్మిది

సముద్రం ఒడ్డున రెండు నెలలు ఉండి వస్తానంటే అమ్మ ఒక టోపీ, నాలుగు పల్చటి చొక్కాలు, చదువుకోవడానికి ఒక నవల సర్ది ఇచ్చింది. నవల రెండో పేజీ దాటలేదు. టోపీ మూడో రోజునే గాలికి ఎగిరి నీళ్ళపాలైంది. ఎనిమిదో వారం వచ్చేసరికి ఆ అమ్మాయికి సముద్రమంటే మోకాళ్ళ నొప్పి, ఉప్పుకి అట్టకట్టిన ప్యాంటు, ఎంత రుద్దినా వదలని నాచు వాసన. "హాయిగా ఉందా అమ్మలూ అక్కడ?" అని అమ్మ ఫోన్లో అడిగితే, పట్టేసిన నడుం కింద దిండు సర్దుకుంటూ "ఆఁ, హాయిగానే ఉందే" అనేది.

అది సముద్ర జీవుల మీద పరిశోధన చేసే కేంద్రం. పొడుగాటి రేకుల షెడ్డు, అందులో ఉప్పునీళ్ళ తొట్లు, పగలంతా దడదడలాడే పంపు, పక్కన ఆరు గదుల హాస్టలు. వేసవి సెలవుల్లో కాలేజీల నుంచి వచ్చి పని నేర్చుకునేవాళ్ళను అక్కడ వేసవిపిల్లలు అంటారు. ఈ ఏడు వచ్చింది ఈ అమ్మాయి ఒక్కతే. అందుకని వేసవిపిల్ల అంటే ఇక ఈమే.

ఆమెను తాతగారి కింద వేశారు. తాతగారంటే ముసలాయన కాదు, ముప్పై ఆరేళ్ళ మనిషి. డాక్టరేటు కోసం తొమ్మిదేళ్ళుగా ఆ షెడ్డు పట్టుకుని వేళ్ళాడుతున్నాడు. ఆయన తర్వాత చేరినవాళ్ళు పట్టాలు పుచ్చుకుని, ఉద్యోగాల్లో కుదురుకుని, బొజ్జలు కూడా పెంచుకున్నారు. పంపు నడిపే మామయ్య ఒకరోజు "ఏం తాతగారూ, భోంచేశారా?" అన్నాడు. ఆ పేరు అతుక్కుపోయింది. వదిలించుకునే ఓపిక లేక ఆయనా పలకడం మొదలుపెట్టాడు. వేసవిపిల్ల మాత్రం అన్నా అని పిలిచేది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఒడ్డున రెండు బండలున్నాయి. గట్టు చాటున చల్లగా ఉండేది నీడబండ. నెత్తి మాడిపోయే చోట ఉన్నది ఎండబండ. రెండింటి మీదా బొటనవేలి గోరంత నల్లనత్తలు అతుక్కుని ఉంటాయి. ఎండలు ముదిరితే ఇవి చస్తాయా బతుకుతాయా అన్నది తాతగారి థీసిస్‌లో ఆఖరి అధ్యాయం. ఒక్కో బండ మీద నూట యాభై నత్తల వీపున గులాబీ గోళ్ళరంగుతో చుక్క పెట్టి, వారానికి రెండుసార్లు నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు వెళ్ళి, చుక్క ఉన్నవాటిని లెక్కపెట్టాలి. కనబడనివి పోయినట్టే లెక్క.

చుక్క పెట్టడానికీ ఒక పద్ధతుంది. నత్తను మంచినీళ్ళతో కడగాలి, పొడిగుడ్డతో తుడవాలి, చిప్పను ఉప్పుకాగితంతో గరుకుగా రుద్దాలి, ఒక పూత వేసి ఆరనివ్వాలి, ఇంకో పూత వేసి మళ్ళీ ఆరనివ్వాలి, తీసిన చోటే తిరిగి పెట్టాలి. నీడబండ మీద ఇద్దరూ కలిసి రెండు రోజులు కూర్చుని బుద్ధిగా చేశారు. ఎండబండ వంతు వచ్చేసరికి తాతగారి కూతురికి జ్వరమని కబురొచ్చింది. ఆయన ఊరికి పరిగెత్తాడు. అమ్మాయి ఒక్కతే మిగిలింది.

మొదటి ముప్పై అయిదు నత్తలకు ఆమె పద్ధతి తప్పలేదు. అప్పటికి వీపు కాలిపోతోంది, నీళ్ళు బండ అంచు ఎక్కుతున్నాయి, ఇంకా నూట పదిహేను ఉన్నాయి. ఉప్పుకాగితం పక్కన పడేసింది. ఒక్క పూత వేసి, ఇంత ఎండలో ఆరకేం చేస్తుందిలే అనుకుంటూ టపటపా అంటించేసింది. సాయంత్రం తాతగారు ఫోన్ చేసి "అయిందా అమ్మాయ్?" అంటే "అయిపోయింది అన్నా" అంది. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు. ఒళ్ళు హూనమైన మనిషికి తప్పు చేశానన్న ఆలోచన రాదు, పని తెమిలిందన్న సంతోషమే వస్తుంది. ఆ రాత్రి పడుకుని లేచేసరికి ఆ సంగతి ఆమె బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

ఇక లెక్కలు మొదలయ్యాయి. నీడబండ మీద నత్తలు వారానికి రెండో మూడో తగ్గాయి. ఎండబండ మీద మాత్రం పది, పదిహేను, ఇరవై చొప్పున మాయమవుతూ వచ్చాయి. ఎనిమిదో వారానికి నీడబండ మీద నూట ఇరవై తొమ్మిది, ఎండబండ మీద ముప్పై ఒకటి మిగిలాయి. అంటే ఎండకు నూట పంతొమ్మిది నత్తలు చచ్చాయి. తాతగారు ఆ రెండు గీతలు గీసిన కాగితాన్ని కొత్తగా పుట్టిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆయనకు ఇంత చక్కటి ఫలితం రావడం ఇదే మొదలు.

"మరి చచ్చినవాటి ఖాళీ చిప్పలేవి?" అని ఒకసారి ఆయనే అడిగాడు.

"ఖాళీ చిప్ప కనబడితే సన్యాసి పీత ఊరుకుంటుందా? దూరి కాపురం పెట్టేసి ఉంటుంది" అన్నాడు పంపు మామయ్య. అందరూ నవ్వారు. ఆ ప్రశ్న అక్కడితో పోయింది.

థీసిస్ ఇవ్వడానికి పై గురువారం ఆఖరి గడువు. అప్పటికే మూడుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. దూరాన ఒక కాలేజీలో ఆయనకు ఉద్యోగం ఖాయమై ఉంది, పట్టా చేతికి రావడమే తరువాయి. అక్కడి బడిలో కూతుర్ని చేర్పించారు. ఉంటున్న ఇల్లు ఖాళీ చేస్తామని భార్య ఇంటి యజమానికి చెప్పేసింది. పక్షానికి ఒకసారి ఇంటికి వెళ్ళి వచ్చే ఆ మనిషి, ఇకమీదట రోజూ ఇంట్లో ఉండబోతున్నానని తలుచుకుని తలుచుకుని మురిసిపోయేవాడు. తొట్ల దగ్గర ఈలలు కూడా వేసేవాడు.

ఆ సోమవారం పొద్దున అమ్మాయి ఎండబండ మీద ఆఖరి లెక్కకు వెళ్ళింది. ముప్పై ఒకటీ దొరికాయి. నడుం పట్టేసి లేవలేక అక్కడే చతికిలబడి, ఊసుపోక చుక్క లేని నత్తనొకదాన్ని ఊడదీసి అరచేతిలో దొర్లించింది. చిప్ప మీది గాడిలో సన్నటి గులాబీ గీత కనిపించింది. పీచు ముక్కేమో అనుకుని గోటితో గీకింది. రాలేదు. ఇంకో నత్తను తీసింది. దానికేమీ లేదు. మూడోదానికి ఉంది. ఇరవై నత్తలు తీసి చూస్తే తొమ్మిదింటికి ఉంది.

ఒక్క పూత, ఉప్పుకాగితం లేని చిప్ప, నూట పదిహేను నత్తలు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. చుక్కలు రాలిపోయాయి. నత్తలు చావలేదు. ఎండబండ మీద ఎండకు పోయింది గోళ్ళరంగు ఒక్కటే.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆమె ఆ సంగతి బాగానే ఆలోచించింది. ఇంకో పది రోజుల్లో తను ఇంటికి పోతుంది. తాతగారు డాక్టరుగారవుతాడు. నత్తలు ఎవరి దగ్గరా నోరు విప్పవు. మధ్యాహ్నం దాకా మంచం మీద పడి దొర్లింది. ఒళ్ళంతా నిద్ర ముంచుకొస్తోంది, కళ్ళు మాత్రం మూతపడటం లేదు. మూడింటికి లేచి ఆయన గది తలుపు తట్టింది.

గదిలో రెండు అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. గోడకు కూతురు వేసిన బొమ్మ ఒకటి మిగిలింది. తాతగారు కంప్యూటర్ ముందు కూర్చుని కృతజ్ఞతల పేజీ రాసుకుంటున్నాడు.

"రా రా. నీ పేరు కూడా వేశాను చూడు. టీ తాగుతావా?"

ఆమె నిలబడే మొత్తం చెప్పేసింది. అరచేతిలో పెట్టుకొచ్చిన రెండు నత్తల్ని బల్ల మీద పెట్టింది. ఆయన నత్తల్ని ముట్టుకోలేదు.

"భోంచేశావా?" అన్నాడు.

"లేదన్నా."

"వెళ్ళి తిను. నువ్వు ఇవాళ నా గదికి రాలేదు. నాకేం చెప్పలేదు. సరేనా? నాకు ఓపిక లేదమ్మాయ్. నిజంగా లేదు."

ఆమె బయటికొచ్చింది. ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం వచ్చినందుకు తన మీద అసహ్యమూ వేసింది. తప్పు చేసింది తను, పెట్టెలు సర్దుకున్నది ఆయన. పెద్దమేడంకి, అంటే తాతగారి గైడుకి, తనే వెళ్ళి చెబితేనో అనుకుంది. అంత ధైర్యం తనకు లేదని కూడా తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు నీళ్ళు తగ్గుతాయి. లెక్క అయిపోయింది కాబట్టి ఆమెకు బండ దగ్గర పనేం లేదు. అయినా గదిలో ఉండబుద్ధి కాక వెళ్ళింది. ఎండబండ మీద తాతగారు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కంటికి భూతద్దం, పక్కన రెండు బకెట్లు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఇప్పటికి పదిహేడు దొరికాయి" అన్నాడు తలెత్తకుండా. "నిన్న రాత్రి నిన్ను తిట్టని తిట్టు లేదు. ఉప్పుకాగితం అరిగిపోతుందనుకున్నావా తల్లీ? మిగిల్చి దాచిపెట్టుకుందామనుకున్నావా?"

"అన్నా, నేను..."

"ఏడవకు. ఏడుస్తే భూతద్దం మసకేస్తుంది. ఆ బకెట్ పట్టు. చూసినవి ఇందులో, చూడనివి అందులో."

మూడు రోజులు, రోజుకు రెండున్నర గంటల చొప్పున, ఆ బండ మీది ప్రతి నత్తనూ తీసి గాడి గాడీ వెతికారు. ఆయన "ఉంది" అంటే ఆమె పుస్తకంలో గీత గీసేది. ఒకసారి ఆయన నడుం నిటారుగా చేసుకుని, "తొమ్మిదేళ్ళు చదివి ఏం కనిపెట్టారు సార్ అంటే, ఏమీ చావలేదండీ అని చెప్పుకోవాలి" అని తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వు విన్నాక ఆమెకు ఇంకా భయం వేసింది. గురువారానికి తొంభై ఆరు తేలాయి. అంతకు ముందున్న ముప్పై ఒకటితో కలిపి నూట ఇరవై ఏడు. నీడబండ మీద నూట ఇరవై తొమ్మిది. ఎండకీ నీడకీ తేడా రెండు నత్తలు.

పెద్దమేడం ఆ కాగితం అయిదు నిమిషాలు చూసింది. కేకలేం వేయలేదు. ఎండకు నత్తలు చస్తాయన్న ఫలితాన్ని నమ్ముకుని దాని ముందు అధ్యాయం కూడా సగం రాశాడు కాబట్టి, ఇప్పుడు రెండూ పడిపోయాయంది. చుక్కలు రాలిన లెక్క మీద కొత్తగా ఏదీ కట్టడానికి లేదంది. మళ్ళీ నమోదు చేయించుకుని, వచ్చే వేసవికి రెండు బండల మీదా మొదటినుంచీ చేయాలంది. "తప్పు పట్టుకున్నారు, సంతోషం" అని కూడా అంది. ఆ సంతోషం ఆ గదిలో ఎవరి మొహం మీదా లేదు. ఉద్యోగం ఇచ్చే కాలేజీవాళ్ళు ఏడాది ఆగరు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

బయటికొచ్చి ఇద్దరూ షెడ్డు మెట్ల మీద కూర్చున్నారు. తప్పు తనదని పెద్దమేడంతో చెబుతానని అమ్మాయి రెండుసార్లు లేచింది. "నిన్ను ఒక్కదాన్ని వదిలేసి వెళ్ళింది నేను. తిరిగొచ్చాక సరిచూడందీ నేను. కూర్చో" అని రెండుసార్లూ కూర్చోబెట్టాడు. తర్వాత భార్యకు ఫోన్ చేశాడు. దాచకుండా అంతా చెప్పాడు. "ఇంకో ఏడాది" అన్నాడు. అవతల ఆమె ఏమందో ఈ అమ్మాయికి వినపడలేదు. చాలాసేపు ఆయన "ఊఁ" కొడుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఫోన్ ఇటు చాపాడు.

"నీతో మాట్లాడుతుందట."

అమ్మాయి ఫోన్ అందుకుంది. తిట్లు పడితే కాస్త తేలికవుతుందని ఒక మూల ఆశ కలిగింది.

"వదినా, నన్ను..."

"నిజంగా బతికే ఉన్నాయా అవి?" అందామె. కోపం లేని గొంతు. పొద్దుటినుంచి నిలబడి పనిచేసిన మనిషి గొంతు.

"ఉన్నాయి వదినా."

"ఆయన చూసుకోలేదు కదా. నువ్వు చెప్పకపోతే తెలిసేది కాదు కదా."

"లేదు వదినా."

"మరెందుకు చెప్పావమ్మా?"

గొప్ప మాట ఏదైనా చెప్పాలని ఆమె వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు. "నిద్ర పట్టలేదు వదినా" అంది.

"ఇప్పుడు పడుతుందా?"

"పడుతుంది."

"సరే, పడుకో" అందామె. "ఇక మాకు పట్టదు."

ఫోన్ పెట్టేసింది. తాతగారు బకెట్లు కడిగి బోర్లించడానికి లేచాడు.

ఆ సాయంత్రం వేసవిపిల్ల చీకటి పడకముందే మంచమెక్కింది. నిద్ర పట్టకూడదనే అనుకుంది. గోడకు తిరిగి పడుకుని వదిన గొంతు గుర్తు చేసుకుంటూ ఉండగానే పట్టేసింది. ఎనిమిది వారాల్లో ఎప్పుడూ పట్టనంత గాఢంగా, పంపు మొదలైన చప్పుడుకు కూడా కదలకుండా, తెల్లారి తొమ్మిదింటి దాకా నిద్రపోయింది. లేచి, వేడెక్కిన పక్క మీద కూర్చుని, అందుకు సిగ్గుపడింది.