కవరు తీయని బొమ్మ

అప్పుడే పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఊపిరి ఎలా అందించాలో నర్సులకు నేర్పే పని కృపావతిది. నూజివీడు చుట్టుపక్కల ఇరవై ఎనిమిది మందికి కలిపి ఒక పూట, ఒక రబ్బరు బొమ్మ, మాస్కుతో ఒక గాలి సంచి. పైవాళ్ల దృష్టిలో శిక్షణంటే అంతే. బొమ్మ పాడైతే సంజాయిషీ రాసివ్వాల్సిందేనని స్టోరు చూసే ఆనంద్ బాబు ముందే బెదిరించాడు. అందుకని ఆమె దాని మందపాటి ప్లాస్టిక్ కవరు తీయకుండా, మొహం దగ్గర మాత్రం కత్తిరించింది. గాలి అందితే ఆ బొమ్మ ఛాతీ లేస్తుంది. నేర్చుకోవాల్సింది అది చూసే. కవరు కింద అది కనబడదు. కృపావతికి ఆ సంగతి బాగా తెలుసు.

"ఒత్తు, రెండు, మూడు. పాటలాగా నోటికి రావాలి," అంది.

ఇన్నమ్మ వంతు వచ్చింది. మామిడి తోటల మధ్య సబ్ సెంటర్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న నర్సు.

"మేడం, గాలి లోపలికెళ్తుందో పక్కకి పోతుందో ఎట్టా తెలుస్తుందండీ?"

"లెక్క తప్పకపోతే అదే వెళ్తుందమ్మా. కానివ్వు, ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు."

"అవతల బిర్యానీ చల్లారిపోతోందే ఇన్నమ్మా!" వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. కృపావతి కూడా నవ్వింది.

మే నెల కోతల్లో స్వాతి అనే కూలి మనిషికి తోటలో కాయల షెడ్డులోనే నొప్పులొచ్చాయి. అంబులెన్సు దారిలో ఉండగానే మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. కబురందుకుని వచ్చిన ఇన్నమ్మ తుడిచింది, వీపు రుద్దింది, మాస్కు పెట్టి ఒత్తింది. ఒక్క లెక్క తప్పలేదు. గాలంతా గడ్డం పక్క నుంచి పోయింది. అంబులెన్సులో వచ్చినతను తల సరిచేసి మాస్కు బిగించగానే ఛాతీ లేచింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు.

విచారణలో ఆఫీసరు అడిగాడు: "ఛాతీ చూడమని నేర్పారా?"

"సిలబస్‌లో ఉందండీ," అంది కృపావతి. అబద్ధం కాదు. అంతకన్నా నీచం. ఇన్నమ్మ నిర్లక్ష్యం అని కాగితం మీదకెక్కింది.

బయట మెట్ల మీద కృపావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పు నాది ఇన్నమ్మా."

"నాకు తెల్దేంటండీ? ఆ ముక్క లోపల చెప్పాల్సింది." ఇన్నమ్మ చెయ్యి లాక్కుంది. "నా సంగతి వదిలెయ్యండి. తను గంపలు మోసినందుకే పిల్లోడు పోయాడని ఆ స్వాతి ఏడుస్తోంది. దమ్ముంటే ముందు దానికి చెప్పండి."

వెళ్లడానికి కృపావతికి తొమ్మిది రోజులు పట్టింది. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో అని సాకులు. వెళ్లేసరికి తోటలో కాయ లేదు, కూలీలు లేరు. మేస్త్రీ అప్పారావు ఒక్కడే తట్టలు కడుగుతున్నాడు.

"స్వాతా? కోతలయిపోయాయి కదండీ. చింతలపూడి అవతలికెళ్లారు. ఆ పిల్ల గంప ముట్టుకోనంటోందండీ, చేతులు పాపిష్టివంట."

"ఏ ఊరు?"

"అది నాకు తెల్దండీ."